నీట దిగని నౌకల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



సుందరకాండమును పారాయణము చేసినవారికి మైనాకుని వృత్తాంతము క్రొత్తది కాదు. ఆంజనేయుడు మహేంద్రగిరిని పాదములతో నదిమి నింగికెగసి నూరు యోజనముల సముద్రమును దాటుచుండగా, అతడు నడుమ నలసట తీర్చుకొనవలెనని సముద్రుడు మైనాకపర్వతమును నీటినుండి పైకి లేపెను. హనుమంతుడు దానిని చేతితో తాకి, మర్యాద చెల్లించి, ఆగక సాగిపోయెను. ఎగురువానికి సముద్రమధ్యమున కాలూనుటకు చోటు కావలెనను తలంపు ఎంత ప్రాచీనమో ఈ కథయే చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్దమున మానవుడు ఆ మైనాకమును ఇనుముతో చేయబూనెను. దానికే విమానవాహక నౌక యని పేరు.

ఈ జాతి నౌకలలో కట్టబడి, యుద్ధము చేసి, కీర్తి గడించినవానిని గూర్చిన గ్రంథములు పెక్కు కలవు. కాని కాగితముమీద పుట్టి కాగితముమీదనే గిట్టినవి, సగము కట్టి విడువబడినవి, ఒకటిగా మొదలై మరియొకటిగా ముగిసినవి గూడ అనేకములు. అవి చిట్టాలో కొట్టివేసిన పద్దులవంటివి. కొట్టివేసినంత మాత్రమున పద్దు లేకపోదు. ఏల కొట్టివేసిరో తెలిసిననే గాని మిగిలిన లెక్క సరిపడదు. ఆ కొట్టివేతలను వరుసగా చదువుటయే నేటి ప్రసంగవిషయము.

విమానము పైకి లేచుటకు దాని రెక్కలకెదురుగా గాలి వేగముగా పారవలెను. గాలిపటము నెగురవేయు బాలుడు గాలికెదురుగా పరుగెత్తుట అందరు చూచినదే. నౌకయు నట్లే గాలికెదురుగా పరుగిడును; అందువలన కొద్దిపాటి నేలమీదనే విమానము లేవగలదు. లేచుట యొక ఎత్తు. తిరిగివచ్చి దిగుట పది యెత్తులు. ఈ నౌకల చరిత్రయంతయు ఆ దిగుటను గూర్చిన చింతయే యని చెప్పవచ్చును.

1910వ సంవత్సరము నవంబరు 14వ తేదీన యూజీన్ ఎలీ యను అమెరికా వైమానికుడు బర్మింగ్‌హామ్ అను యుద్ధనౌకపై వేసిన 83 అడుగుల చెక్కవేదికనుండి తన విమానము నెగురవేసెను. విమానము వేదిక దాటగనే క్రిందికి జారి, చక్రములు నీటిని తాకి, మరల లేచెను. 1911 జనవరి 18న అతడే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతములో పెన్సిల్వేనియా అను నౌకపై దిగెను. అతనిని నిలిపిన సాధనమేమి? వేదికకు అడ్డముగా కట్టిన 22 త్రాళ్లు, ఆ త్రాళ్ల కొనలకు వ్రేలాడదీసిన ఇసుకసంచులు. విమానముక్రింది కొక్కెములు త్రాళ్లను పట్టుకొనగా సంచుల బరువు దానిని వెనుకకు లాగి నిలిపెను. ఎంతటి మహానౌకపైన నైనను ఇనుపత్రాళ్లతో విమానమును నిలుపు పద్ధతికి ఈ ఇసుకసంచులే మూలపురుషులు. ఎలీ ఆ సంవత్సరము అక్టోబరు నెలలోనే వేరొక ప్రదర్శనమున విమానము కూలి మరణించెను.

ఆంగ్లేయులు ప్రథమ ప్రపంచసంగ్రామమున ఫ్యూరియస్ అను నౌకకు ముందుభాగమున మాత్రము చదునైన డెక్కు వేసిరి. నడుమ మేడయు పొగగొట్టమును, వెనుక పెద్ద ఫిరంగియు నట్లే యుండెను. ఎగురుటకే గాని దిగుటకు అందులో ఏర్పాటు లేదు. ఎడ్విన్ డన్నింగ్ అను 25 ఏండ్ల యువకుడు 1917 ఆగస్టు 2న మేడను చుట్టివచ్చి, విమానమును ప్రక్కకు జార్చి, ఆ ముందుభాగముననే దిగెను. కదలుచున్న నౌకపై విమానము దిగుట లోకమున అదియే మొదలు. డెక్కుమీదివారు పరుగెత్తివచ్చి విమానమునకు కట్టిన పట్టీలను చేతులతో పట్టి నిలిపిరి. అయిదు దినములకు, ఆగస్టు 7న, అతడు మరల ప్రయత్నింపగా చక్రము పగిలి విమానము నీటిలో పడెను. ఆ యువకుడు దక్కలేదు.

అతని మరణానంతరము వెనుకభాగమున గూడ డెక్కు వేసిరి. కాని నడుమనున్న మేడను చుట్టివచ్చు సుడిగాలియు, పొగగొట్టపు వేడియు విమానములను తలక్రిందులు చేసినవి. అప్పుడు గాని మొదటి పాఠము బోధపడలేదు: మొదటినుండి తుదివరకు అడ్డులేని నేల కావలెను. 1918లో ఆర్గస్ అను నౌక అట్లు తయారయ్యెను. ఆ నౌకయు ముందు యుద్ధమునకై పుట్టినది కాదు. ఇటలీవారి ప్రయాణికుల కొరకు కాంటే రోసో అను పేరుతో కట్టుచుండగా పనియాగి, చేతులు మారి, పొగను వెనుకకు గొట్టములద్వారా పంపు చదునైన నౌకగా ముగిసినది. తరువాతి నౌకలలో మేడను కుడియంచునకు జరిపిరి. నాటి చోదకులకు ఎడమకు తిరుగుట సులభమైనందున కుడివైపు అడ్డున్నను బాధ లేకపోయెను. మొదటినుండియు ఇందుకొరకే రూపకల్పన చేసి ఆంగ్లేయులు ఆరంభించిన నౌక హెర్మిస్. కాని దానికంటె తరువాత మొదలుపెట్టిన జపానువారి హోషో 1922 డిసెంబరులోనే ముందుగా పూర్తియయ్యెను. హెర్మిస్ 1924లో గాని కొలువునకు రాలేదు.

ఇక రెండవ యధ్యాయము. 1922 ఫిబ్రవరిలో వాషింగ్టను నగరమున అయిదు రాజ్యములు ఒడంబడిక చేసికొన్నవి. విమానవాహక నౌకల మొత్తపు బరువు అమెరికా, బ్రిటనులకు తలకొక 1,35,000 టన్నులు, జపానునకు 81,000 టన్నులు, ఫ్రాన్సు, ఇటలీలకు తలకొక 60,000 టన్నులు మించరాదని నిర్ణయించిరి. కట్టుచున్న పెద్ద యుద్ధనౌకలలో కొన్నిటిని విమానవాహకములుగా మార్చుకొనుటకు అనుమతి దొరకెను. అమెరికావారి లెగ్జింగ్టన్, శారటోగాలు అట్లు మారినవే. జపానువారు అకాగీ, అమాగీ యను రెంటిని మార్చదలచిరి. కాని 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపమున అమాగీ అడుగుదూలము దెబ్బతిని పనికిరాకపోయెను. తుక్కు కావలసియున్న కాగా అను నౌక దాని స్థానమున నిలిచెను. భూమి కంపించినందున ఒక నౌక మాయమై మరియొకటి బ్రదికెను.

ఆ యొడంబడికలో ఒక సందు మిగిలెను. 10,000 టన్నులకు లోబడిన నౌక లెక్కలోనికి రాదు. పన్ను లేని మడి దొరికినచో దున్నుకొనని రైతెవరు? జపానువారు 8,000 టన్నులలో ఒక చిన్న విమానవాహకమును తలపెట్టి, 1929లో ఆరంభించిరి. దాని పేరు ర్యూజో. 1930లో లండనున జరిగిన మరియొక ఒడంబడిక ఆ సందును మూసివేసెను. అంతటితో చిన్నదిగా నుంచుటవలని లాభము పోయెను. విమానముల సంఖ్య పెంచుటకై ఒక అంతస్తుపై మరియొక అంతస్తు కట్టిరి. పునాది యొక మిద్దెకు, కట్టడము రెండు మిద్దెలకు. నౌక తలబరువెక్కెను. 1934లో తోమోజురు అను చిన్న యుద్ధనౌక గాలివానలో తలక్రిందు కాగా జపానువారు భయపడి ర్యూజోను గూడ మరల రేవునకు చేర్చి దిద్దిరి. దిద్దినను అది పూర్తిగా కుదుటబడలేదని నౌకాశాస్త్రజ్ఞుల మతము.

ఈ జపాను నౌక ముచ్చట ఆంధ్రదేశమున చెప్పుకొనుటకు కారణము కలదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన విమానములు ఈ ర్యూజోనుండి వచ్చినవే. ఆ దినములలో తీరపు టూళ్లనుండి పెక్కు కుటుంబములు మూటాముల్లె కట్టుకొని లోపలి గ్రామములకు తరలిపోయినవి. వాషింగ్టనులో వ్రాసిన కాగితమున మిగిలిన ఒక సందు, ఇరువది యేండ్ల పిమ్మట విశాఖరేవుమీద బాంబై పడెను. దొరలు సంతకములు చేసిన పత్రమునకు, చేపలు పట్టి జీవించువాని గుడిసెకు ఇంతటి చుట్టరికము కలదు. మూడు దినములకు, ఏప్రిలు 9న, లంకద్వీపము తూర్పుతీరమున బట్టికలోవా సమీపమున జపాను విమానములు హెర్మిస్‌ను ముంచినవి. ఆ సమయమున ఆ విమానవాహకముపై విమానములు లేవు. అదే సంవత్సరము ఆగస్టు 24న సాలమన్ ద్వీపముల యుద్ధమున ర్యూజోయు మునిగెను.

ఇక సగము కట్టి విడిచిన వానిలో ముఖ్యమైనది జర్మనీవారి గ్రాఫ్ జెప్పెలిన్. 1936 డిసెంబరులో ఆరంభించి, 1938 డిసెంబరు 8న కీల్ రేవున ఆర్భాటముగా నీటిలోనికి జారవిడిచిరి. కాని అది ఒక్కనాడైనను యుద్ధమునకు పోలేదు. నౌకాదళమునకు నౌక కావలెను. వైమానికదళాధిపతి గోరింగునకు తన విమానములను నౌకాదళమునకు అప్పగించుట యిష్టము లేదు. 1940లో పని ఆపిరి. ఫిరంగులు తీసి నార్వే తీరమునకు పంపిరి. ఖాళీ నౌకను కలప నిలువచేయు కొట్టుగా వాడిరి. 1942లో మరల పని మొదలిడి, 1943 ఆరంభమున మరల ఆపిరి. 1945 ఏప్రిలులో తామే ముంచివేసిరి. రష్యావారు దానిని లేవదీసి 1947లో గురిచూచు అభ్యాసమునకు లక్ష్యముగా వాడి ముంచిరి. దాని శిథిలము బాల్టిక్ సముద్రగర్భమున 2006లో గాని కనబడలేదు. అన్నదమ్ముల పంపకము తేలక కప్పువేయని ఇల్లు ఊరూర నొకటి యుండును. గోడలు బాగుగనే యుండును, కాపురము మాత్రము సాగదు. గ్రాఫ్ జెప్పెలిన్ గతియు నదియే.

కట్టబడని నౌకలన్నిటిలో విచిత్రమైనది మంచునౌక. 1942లో అట్లాంటిక్ సముద్రమధ్యమున విమానములు చేరలేని జాగాలో జర్మను జలాంతర్గాములు వర్తకనౌకలను ముంచివేయుచుండెను. ఉక్కు చాలదు. అప్పుడు జెఫ్రీ పైక్ అను ఆంగ్లేయుడు మంచుతోనే నౌక కట్టవచ్చునని ప్రతిపాదించెను. వట్టి మంచుగడ్డ దెబ్బకు పగులును. కాని నూటికి 14 పాళ్లు రంపపుపొట్టు కలిపి గడ్డకట్టించినచో అది పగులదు, త్వరగా కరగదు. మట్టిగోడకు వరిగడ్డి కలిపి తొక్కు పల్లెవానికి ఈ రహస్యము వేరుగ చెప్పనక్కరలేదు. గడ్డి పోగులు మట్టిని బీటలువారనీయవు, పొట్టు మంచును పగులనీయదు. ఈ పదార్థమునకు పైక్రీట్ అని పేరు పెట్టిరి. లండనులో మాంసపు బజారుక్రింది శీతలగృహమున దీనిని పరిశోధించినవారిలో మాక్స్ పెరూట్జ్ ఒకరు. రక్తములోని హిమోగ్లోబిన్ నిర్మాణమును కనుగొని 1962లో నోబెల్ బహుమానము పొందిన శాస్త్రవేత్త ఆయనయే.

నౌక పేరు హబక్కుక్. బైబిలులోని యొక ప్రవక్త నామధేయమది. పొడవు 2,000 అడుగులు, గోడల మందము 40 అడుగులు, బరువు 20 లక్షల టన్నులకు పైబడి. 1943లో కెనడాలోని పట్రీషియా యను సరస్సులో 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 1,000 టన్నుల బరువుగల నమూనాను కట్టిరి. ఒక గుఱ్ఱపుశక్తి గల చిన్న యంత్రము దానిని చల్లగా నుంచుటకు చాలినది. కట్టిన కూలీలెవరు? ఆయుధము పట్టుట పాపమని యుద్ధమునకు పోనొల్లక, ఇతరసేవకు పంపబడిన శాంతివాదులు. తాము కట్టుచున్నది యుద్ధనౌక నమూనాయని వారికి చెప్పలేదు. మంచునౌక కథలో నవ్వుకొనుటకు ఎన్నో ముచ్చటలు కలవు గాని, ఈ యొక్క సంగతి మాత్రము మనస్సును గ్రుచ్చును.

చివరకు లెక్క తేలలేదు. పైక్రీట్ సైతము తన బరువుచే మెల్లగా క్రుంగునని, దానిని సున్నకు 16 డిగ్రీల క్రిందనుంచిన గాని నిలువదని పెరూట్జ్ తేల్చెను. అంత చల్లదనమునకు కావలసిన గొట్టములు, యంత్రములు, వానికి ఉక్కు. ఉక్కును మిగుల్చుటకై పుట్టిన నౌక ఉక్కునే అడుగుచుండెను. ఇంతలో దూరము పోగల విమానములు వచ్చినవి. పోర్చుగలువారు అజోర్స్ ద్వీపములలో విమానాశ్రయమునకు చోటిచ్చిరి. చిన్న విమానవాహకములు అనేకములు తయారయ్యెను. హబక్కుక్‌ను విరమించిరి. సరస్సులోని నమూనా పూర్తిగా కరుగుటకు మూడు వేసవులు పట్టెనందురు. ఒక్క నమూనాతో, కొన్ని నెలల పరిశోధనతో తప్పు తెలిసిపోయెను. కాగితముమీది తప్పు చౌక. నీటిమీది తప్పు ఖరీదు. ఈ రెంటికి గల తారతమ్యము తెలియుటకు ర్యూజోను, హబక్కుక్‌ను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను.

యుద్ధానంతరము అమెరికావారు యునైటెడ్ స్టేట్స్ అను 65,000 టన్నుల మహానౌకను తలపెట్టిరి. పెద్ద బాంబర్లు లేచుటకు వీలుగా మేడయే లేకుండ చదునుగా గీచిరి. 1949 ఏప్రిలు 18న అడుగుదూలము వేసిరి; 23న రక్షణమంత్రి లూయీ జాన్సన్ రద్దు చేసెను. అయిదు దినముల ఆయుర్దాయము! తనతో సంప్రదింపలేదని నౌకాదళ మంత్రి సల్లివన్ రాజీనామా చేసెను. కాని ఆ రద్దు మేలే చేసెనని పిమ్మట తేలినది. ఎట్లన, నిడుపుగా తిన్నగానుండు డెక్కుపై ఒక దోషము కలదు. దిగు విమానపు కొక్కెము త్రాటికి తగులనిచో అది నేరుగా పోయి ముందు నిలిపిన విమానములపై పడును. 1951లో డెనిస్ కాంబెల్ అను ఆంగ్ల నౌకాధికారియు, లూయీ బాడింగ్టన్ అను ఇంజనీరును చిన్న ఉపాయము కనుగొనిరి. దిగు బాటను కొంచెము ఎడమకు వాలుగా త్రిప్పిన చాలును! కొక్కెము తప్పినవాడు ఖాళీ సముద్రముమీదుగా మరల పైకి లేచిపోవును. మైనాకుని తాకి ఆగక సాగిన హనుమంతునివలె, డెక్కును తాకి యెగిరి మరల రావచ్చును. 1952లో ట్రయంఫ్ అను నౌకపై వట్టి రంగుగీతలతో దీనిని పరీక్షించిరి. ఆ గీతలు కాపాడిన ప్రాణములకు లెక్కలేదు. యునైటెడ్ స్టేట్స్ స్థానమున మొదలైన ఫారెస్టల్ నౌకయు తొలుత తిన్ననిడెక్కుతోనే గీయబడెను; కట్టుచుండగనే మార్చి, వాలుడెక్కును, వడిసెలతో రాయి విసరినట్లు విమానమును విసరు ఆవిరియంత్రమును చేర్చి 1955లో ముగించిరి.

మన భారతదేశపు ప్రథమ విమానవాహకము గూడ సగములో ఆగిన పద్దే. హెర్క్యులిస్ అను పేర ఆంగ్లేయులు 1943లో ఆరంభించి, 1945 సెప్టెంబరులో నీటిలోనికి జార్చి, యుద్ధము ముగియుటచే 1946లో పని నిలిపివేసిరి. పదునొకండేండ్లు ఆ నౌక అట్లే పడియుండెను. 1957లో భారతప్రభుత్వము దానిని కొని బెల్‌ఫాస్టులో పూర్తి చేయించెను. 1961 మార్చి 4న విక్రాంత్ అను పేర అది కొలువునకు వచ్చెను. నన్నయభట్టారకుడు అరణ్యపర్వమున విడిచిన భారతమును తిక్కన, ఎఱ్ఱనలు పూర్తిచేసిన వృత్తాంతము ఆంధ్రులకు సుపరిచితము. ఎఱ్ఱన నన్నయ పోకడను విడువక పూరించెను. విక్రాంత్‌ను పూర్తిచేసినవారు మాత్రము మొదటివారు కలలోనైన ఎరుగని వాలుడెక్కును, ఆవిరి వడిసెలను చేర్చిరి. ఆలస్యమువలన కలిగిన లాభమది. 1946లోనే పూర్తిచేసియున్నచో ఆ రెండును మొదటినుండి దానికి అబ్బియుండెడివి కావు.

1971 డిసెంబరులో ఆ నౌక తూర్పుసముద్రమున నిలిచెను. దాని బాయిలరులలో నొకటి పగిలియుండుటచే వేగము తగ్గియుండెను. దానిని ముంచుటకై పాకిస్తాను జలాంతర్గామి గాజీ విశాఖతీరమునకు వచ్చెను. విక్రాంత్ విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మునట్లు తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్‌గారు తంతివార్తలు పంపించిరి. రేవుపట్టణపు వర్తకులకు పెద్దమొత్తమున సరుకులు పురమాయించిరి. నౌక మాత్రము అండమానులలో నుండెను. డిసెంబరు 3–4 తేదీల రాత్రి గాజీ విశాఖరేవు వెలుపల మునిగిపోయెను. మునిగిన కారణమును గూర్చి భిన్నాభిప్రాయములున్నవి. 4వ తేదీనుండి విక్రాంత్ విమానములు కాక్స్‌బజారు, చిట్టగాంగులపై దాడి సలిపినవి. 1942లో విమానవాహకమువలన భయపడిన విశాఖపట్టణము, ఇరువదితొమ్మిదేండ్లకు విమానవాహకమునకు మారుగా తానే యెరయై నిలిచినది.

రెండవ నౌక విరాట్ కథయు నిట్టిదే. 1944లో ఎలిఫెంట్ అను పేర మొదలై, యుద్ధానంతరమాగి, పేరు మారి, 1959లో రెండవ హెర్మిస్‌గా పూర్తియై, 1987లో మనకు వచ్చి 2017వరకు సేవచేసెను. ఈ మధ్యకాలమున బ్రిటనులో మరియొక కొట్టివేత జరిగెను. 1966 ఫిబ్రవరిలో అచ్చటి ప్రభుత్వము సుమారు 54,000 టన్నుల క్రొత్త విమానవాహకమును రద్దుచేయగా నౌకాదళ మంత్రి మేహ్యూ, నౌకాదళాధిపతి లూస్ పదవులు విడిచిరి. పెద్ద నౌక లేదు గనుక చిన్న నౌకనుండియే బరువైన విమానము లేచుట యెట్లను ప్రశ్న పుట్టెను. డగ్లస్ టేలర్ అను అధికారి విశ్వవిద్యాలయమున వ్రాసిన సిద్ధాంతవ్యాసము జవాబు చెప్పెను: డెక్కు ముందుకొనను ఏటవాలుగా పైకి వంచిన విమానము గట్టుమీదినుండి దూకినట్లు పైకెగయును. విరాట్‌కు అబ్బినదియు, 2022 సెప్టెంబరు 2న కొచ్చిన్‌లో కొలువునకు వచ్చిన స్వదేశీ విక్రాంత్‌కు అమరినదియు ఆ వంపే. 262 మీటర్ల ఆ నౌక కొనయందు కొట్టివేసిన యొక పద్దు తాలూకు బాకీ చెల్లియున్నది.

అన్నిటికి బాకీ చెల్లదు. రష్యావారి అణుశక్తినౌక ఉల్యానోవ్‌స్క్ 1988లో మొదలై, రాజ్యమే విచ్ఛిన్నముకాగా 1992లో ముక్కలుగా కోయబడెను. అదే రేవున సగములో నిలిచిన వర్యాగ్ మాత్రము చైనావారి చేతబడి 2012లో లియావోనింగ్‌గా కొలువెక్కెను. ఒక్క తల్లి బిడ్డలలో ఒకటి తుక్కు, ఒకటి రాజ్యభోగము.

ఈ లెక్కనంతయు కూడి చూచినచో తేలునదేమి? కట్టనివన్నియు నష్టము కావు. కట్టినవన్నియు లాభమును కావు. మనిషి మొదట పట్టీలు పట్టి విమానమును నిలిపెను, తరువాత త్రాళ్లతో నిలిపెను, ఆపై బాటను వాలుగా త్రిప్పెను. ప్రతి యడుగు వెనుకను ఒక డన్నింగు, ఒక ఎలీ కలరు. విరమింపబడిన నౌకల పటములను చింపివేయక భద్రపరచినందుననే తరువాతివారు పూర్వుల తప్పులను తమ ప్రాణములతో మరల కొనవలసిన అగత్యము తప్పినది. ఆయుధముల పోటీ మంచిదని దీని భావము కాదు. ఒడంబడికలోని యొక సందు ఏ యూరిమీద బాంబై పడునో వ్రాయువారు ఎరుగరు. అందుచేతనే చదువుట అందరి పని కావలెను. దొరల పత్రములను గూడ పల్లెవాడు చదివి ప్రశ్నింపగల నాడే వానిలోని సందులు ముందుగా బయటపడును.

గ్రంథాలయమున గెలిచినవారి చరిత్రలకు అలమారలు నిండుగ నుండుట సహజము. వానిప్రక్కన ఓడినవారి, ఆగినవారి, సగములో విడిచినవారి పుస్తకములకు గూడ ఒక అర యుండవలెను. ఈ రజతోత్సవ సంవత్సరమున పోషకులు ఆ యొక్క అరను గూర్చి ఆలోచింతురుగాక. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.

స్వస్తి.